సీతాకోకచిలుకల ఛాయాచిత్రములు - వానిని చూచువారు



మేము చెలకల వెంట తిరుగునప్పుడు చేతిఫోనుతో సీతాకోకచిలుకల ఛాయాచిత్రములు తీయుట మీలో పలువురు చూచియున్నారు. "వ్యవసాయ ప్రదర్శకుడై యుండి చిన్నపిల్లవానివలె రెక్కల పురుగుల వెంట పరుగెత్తుట యేమి?" అని సంఘ కార్యాలయపు అరుగుమీద ఒక పెద్దమనిషి నవ్వుచు అడిగెను. ఆ ప్రశ్నకు బదులు చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము. బదులు చెప్పుటలో మా తప్పొకటి కూడ ఒప్పుకొనవలసి యున్నది. దానిని దాచినచో మిగిలిన వ్రాతవలన మీకు ప్రయోజనముండదు.

రెక్కలున్నదియు, ఆకు తినునదియు ఒకటియే

గ్రుడ్డు, గొంగళి, గూడు, రెక్కలు - ఈ నాలుగును ఒక్క ప్రాణి యవస్థలు. పూవు మీద వ్రాలి తేనె త్రాగునది తల్లి; ఆకు కొరుకునది దాని బిడ్డ. ప్రతి జాతి తల్లియు తన బిడ్డకు తగిన మొక్కను వెదకి దానిమీదనే గ్రుడ్డు పెట్టును. కావున ఏ తల్లి ఏ పొలముపై తిరుగుచున్నదో ఎరిగినవానికి, వారము దినములలో ఆ పొలమున ఏ పురుగు కనబడునో కొంతవరకు ముందుగనే తెలియును.

మన కల్వకుర్తి ప్రాంతపు ఎఱ్ఱ చెలకలలో వానలు పడిన పిమ్మట చూడుడు. తంగేడు పొదలపై లేత పసుపును తెలుపును కలిసిన సీతాకోకచిలుకలు తిరుగుచుండును. అవి తంగేటి ఆకుమీద బ్రతుకునవి. మన పంటల జోలికి రావు. గట్లమీది జిల్లేడు చెట్లపై నారింజరంగు రెక్కలకు నల్లని అంచును, తెల్లని చుక్కలును గలది కనబడును. దానిని ఇంగ్లీషున ప్లెయిన్ టైగర్ అందురు. దాని గొంగళి జిల్లేటి ఆకును తిని, అందలి విషమును తన దేహమున దాచుకొనును. అందువలన పక్షులు దానిని ముట్టవు. అదియు మనకు కీడు చేయదు.

బత్తాయి, నిమ్మ తోటలలో తిరుగు నలుపు పసుపుల పెద్ద సీతాకోకచిలుక సంగతి వేరు. దాని గొంగళి చిన్నతనమున పిట్టరెట్టవలె కనబడి కంటిని మోసగించును; పెరిగిన పిమ్మట ఆకుపచ్చనై లేతాకులను తినివేయును. నల్లగొండ వైపు బత్తాయి తోటలు వేసినవారు నారుమళ్లలో దానివలన నష్టపడుట కలదు. మొక్కలు కొద్దిగా ఉన్నచో చేతితో ఏరివేయుటయే చాలును. కంది, అనుము, అలసంద పూతపై తిరుగు చిన్న నీలి సీతాకోకచిలుక గొంగళి పూవును, కాయను తొలుచును.

ఇక ఆముదము. పాలమూరు, నల్లగొండ జిల్లాలకు ఒకప్పుడు పేరు తెచ్చిన పంట ఇదియే. నేడు ప్రత్తి వచ్చి దాని చోటు చాలవరకు ఆక్రమించినను, ఆముదము వేయువారు మన సంఘములో ఇంకను ఉన్నారు. ఆముదపు ఆకుపై అలలవంటి నల్లగీతలు గల గోధుమరంగు సీతాకోకచిలుక ఒకటి పెరుగును. దాని గొంగళికి ఒడలెల్ల ముళ్లు. చూచుటకు భయము గొలుపును గాని, అది చేయు నష్టము స్వల్పము. వీపును విల్లువలె వంచి నడచు దాసరి పురుగు అట్టిది కాదు. దాని తల్లి రాత్రివేళ తిరుగునది. వెనుక రెక్కలు నల్లగా నుండి తెల్లని పట్టీ కలిగియుండును. ఈ రెండింటిని ఒకటిగా భావించిన రైతు ముళ్ల గొంగళిని చూచి డబ్బు వృథా చేయును, లేదా దాసరి పురుగును ఉపేక్షించి ఆకు పోగొట్టుకొనును.

భరతఖండములో సీతాకోకచిలుకల జాతులు 1,300 లకు పైగా కలవు. రాత్రివేళ తిరుగు రెక్కల పురుగుల జాతులు పదివేలకు మించును. వీనిలో మన పంటకు శత్రువులైనవి కొన్ని మాత్రమే. ఆ కొన్నింటిని వేరుపరచి చూపుటకే ఛాయాచిత్రములు.

లాంతరు నాటి సభ, ఫోను నాటి సభ

గడచిన శతాబ్దపు తొలి దశకములలో వ్యవసాయ ప్రదర్శకులు మ్యాజిక్ లాంతరును బండిలో వేసికొని గ్రామములకు పోవువారు. రాత్రివేళ తెల్లని గుడ్డ కట్టి, గాజుపలక మీది బొమ్మను దానిపై పడవేసి చూపువారు. ఆ సభలో బొమ్మ చూపువానికి చూచువారి ముఖములు కనబడుచుండెను. ఒకడు కనుబొమ్మలు ముడిచిన, వానికి అర్థము కాలేదని తెలిసెడిది. ఒకడు కునికిన, ఉపన్యాసము చాలించవలెనని తెలిసెడిది.

నేడు మా లాంతరు ఫోనే. సాయంకాలము ఇల్లు చేరిన పిమ్మట ఆనాడు తీసిన చిత్రములలో మంచిదానిని వాట్సాప్ స్టేటసులో పెట్టుచున్నాము. ఈ ఏర్పాటు 2017 ఫిబ్రవరిలో వచ్చినది. అందు పెట్టిన చిత్రము ఇరువదినాలుగు గంటలుండి తనంతట తానే పోవును. చిత్రము క్రింద కంటి గుర్తు ఒకటి యుండును. దానిని నొక్కిన, ఎవరెవరు చూచిరో, ఏ వేళకు చూచిరో పేర్లతో కనబడును. ముఖములు మాత్రము కనబడవు.

ఈ పట్టికను గూర్చి రెండు సంగతులు తెలిసికొనవలెను. మా అంకెను మీరును, మీ అంకెను మేమును ఫోనులో వ్రాసికొనినగాని మా స్టేటసు మీకు కనబడదు. చదివిన గుర్తును ఫోనులో ఆపివేసికొనినవారు చూచినను వారి పేరు పట్టికలోనికి రాదు. కావున పట్టికలో పేరు లేనంతమాత్రమున చూడలేదని చెప్ప వీలులేదు.

మూడవ సంగతి మాకు అనుభవమువలన తెలిసినది. పేరు ఒకరిది, కన్ను మరియొకరిది. ఒక సభ్యుని కుమారుని పేరు ప్రతి రాత్రియు మా పట్టికలో కనబడుచుండెను. ఆ పడుచువానికి సేద్యముపై అంత శ్రద్ధ కలిగినదని మేము సంతోషించితిమి. ఒకనాడు వారింటికి పోగా, అన్నము తినిన పిమ్మట అతని నానమ్మ ఆ ఫోను తీసికొని బొమ్మలన్నియు చూచుచున్నదని తెలిసెను. కంది చేనిలో కలుపు తీయునది ఆమెయే. నీలి సీతాకోకచిలుకను ఆమె మాకన్న ముందే ఎరుగును; దాని పేరు మాత్రము ఎరుగదు.

పట్టికలో ఎవరుండిరి

మొదటి నెలలలో మేము ప్రతి రాత్రియు ఆ పట్టికను ఆశతో చూచుచుంటిమి. బడిపిల్లలు చూచిరి. ఉపాధ్యాయులు చూచిరి. పని కొరకు హైదరాబాదునకును, ముంబయికిని పోయిన మన ఊళ్ల పడుచువాండ్రు చూచిరి. వారిలో ఒకడు జిల్లేడుమీది సీతాకోకచిలుకను చూచి, "సార్, ఇది మా చెలక గట్టేనా?" అని వ్రాసెను. అది వారి గట్టే. ఆ గట్టును అతడు చూచి రెండేండ్లైనదట.

మందుల అంగడి యజమాని యొకడు అందరికంటె ముందు చూచుచుండెను. ఏ పురుగు బొమ్మ మేము పెట్టితిమో, మరునాటి ఉదయమునకు ఆ పురుగు మందు అతని బల్లమీద ముందు వరుసలో నుండెడిది. వర్తకుడు తన వ్యాపారము తాను చూచుకొనును. ఆ సంగతిని ముందే ఊహింపకపోవుట మా లోపము.

మరియొక బలహీనత చెప్పెదము. రంగురెక్కల చిత్రము పెట్టిన రాత్రి పట్టిక పొడుగుగా నుండెడిది. గొంగళి చిత్రము పెట్టిన రాత్రి సగమైనను ఉండెడిది కాదు. మెల్లమెల్లగా మేము అందమైనవానినే ఎక్కువగా పెట్టసాగితిమి. గొంగళిని పెట్టినను, వెలుతురు బాగుగా పడినదా లేదా యని చూచితిమి గాని, దానిని చూచి రైతు ఏమి చేయునో ఆలోచింపలేదు.

మా తప్పు

గడచిన వానకాలమున ఒక సాయంత్రము ఆముదపు ఆకుమీది దాసరి పురుగు చిత్రము పెట్టితిమి. చిత్రము చక్కగా వచ్చినది. క్రింద "ఆముదముపై దాసరి పురుగు" అని రెండు ముక్కలు వ్రాసి ఊరకుంటిమి. చూచినవారి పట్టికలో మన సభ్యుడగు ఒక రైతు పేరుండెను. అతడు మాకు ఎన్నడును బదులు వ్రాసినవాడు కాడు. ఆనాడును వ్రాయలేదు. అతని పేరు చూచి, మరియొకరు చూచిరి గదా యని ఫోను ప్రక్కన పెట్టితిమి.

మూడవనాటి సాయంకాలము అతని భార్య ఫోను చేసెను. ఆమె గొంతు వణకుచుండెను. అతడు మా బొమ్మ చూచి, తన చేనిలోని పురుగు అదియేనని పోల్చుకొని, మందు డబ్బా కొని, మిట్టమధ్యాహ్నమున గాలికి ఎదురుగా, ముక్కునకు గుడ్డయైనను కట్టక పిచికారి చేసెను. ఆముదము మనిషి ఎత్తు పెరిగియుండుటచే మందంతయు మీద పడినది. వాంతులు, కండ్లు మసకలు, ఒడలెల్ల చెమట. డబ్బాతో కూడ ఆసుపత్రికి తీసికొనిపొమ్మని చెప్పి మేమును వెళ్లితిమి. రెండు రాత్రు లుంచుకొని పంపివేసిరి. ప్రాణము దక్కినది.

మరుసటి దినము అతని చేను చూచితిమి. ఆకు నష్టము కొద్దిగానే యుండెను. ఆకులో నాలుగవ వంతు పోనంతవరకు దాసరి పురుగునకు మందు కొట్టనక్కరలేదని ఆముదపు సాగును పరిశోధించినవారు చెప్పుదురు. అంతేకాదు. ఆ చేనిలోని చాల పురుగుల వెనుక భాగమున, పొట్టకు అంటుకొని ఒక చిన్న పట్టుగూడుండెను. అది దాసరి పురుగు శరీరములో పెరిగి, వెలుపలికి వచ్చి గూడు కట్టుకొను ఒక చిన్న కందిరీగ జాతిది. ఆ గూడంటిన పురుగు చావవలసినదే. అట్టి గూళ్లు కనబడు చేనిలో మందు కొట్టిన, మనకు కూలి యడుగక పని చేయు సైన్యమును మనమే చంపుకొనినవారమగుదుము.

ఇంటికి వచ్చి మా చిత్రమును మరల పెద్దది చేసి చూచితిమి. మేము తీసిన పురుగునకు కూడ ఆ గూడుండెను. మందు వలదని చెప్పు సాక్ష్యము బొమ్మలోనే యున్నది. దానిని మేము చూడలేదు, చూపనులేదు.

ఆ రైతు మమ్ము నిందింపలేదు. మంచముమీద కూర్చుండి, "బొమ్మ పెట్టిన్రు సారూ, మాట పెట్టకపోతిరి" అనెను. అంతకంటె ఏమియు అనలేదు. ఆ మాట మాకు నేటికిని గుచ్చుకొనుచునే యున్నది.

ఒక్కడు చూచిన చాలును

ఇంత జరిగిన తరువాత చిత్రములు పెట్టుట మానివేయవలెనా యని ఆలోచించితిమి. అప్పుడు మాకు మలేషియా దేశపు సంగతి యొకటి జ్ఞాపకమునకు వచ్చెను.

2011లో ఆ దేశపు సెలంగోర్ రాష్ట్రములోని ఒక ఉద్యానవనములో గ్వెక్ హాక్ పింగ్ అను ఛాయాచిత్రకారుడు పచ్చని పలుచని రెక్కలు గల ఒక పురుగును చూచి, చిత్రము తీసి, దానిని విడిచిపెట్టెను. ఆ చిత్రమును ఫ్లికర్ అను అంతర్జాల చిత్రశాలలో ఉంచెను. కాలిఫోర్నియా రాష్ట్ర వ్యవసాయ శాఖలోని కీటక శాస్త్రజ్ఞుడు షాన్ వింటర్టన్ దానిని చూచెను. రెక్కల మొదట నుండిన నల్లని గుర్తులు అతడెరిగిన ఏ జాతికిని సరిపడలేదు. చిత్రకారునికి జాబు వ్రాసెను. చిత్రకారుడు సుమారు ఏడాది తరువాత ఆ తావుననే అట్టి పురుగును మరల కనుగొని, లండనులోని ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాలకు పంపెను. అక్కడి స్టీఫెన్ బ్రూక్స్ పరీక్షించెను. మూడు దేశములలోని ఆ మువ్వురును కలిసి 2012లో దానిని నూతన జాతిగా ప్రకటించి సెమాక్రైసా జేడ్ అని పేరు పెట్టిరి.

ఆ చిత్రమును ఎందరు చూచినను, దానిని గుర్తెరిగి చిత్రకారునికి వ్రాసిన ఒక్కని వలననే పని జరిగినది. చూచిన రైతు నోరు విప్పక పోయినందునను, చూపిన మేము పేరు చూచియు పలుకరింపకపోయినందునను మా చిత్రము కీడు చేసినది. ఆ మలేషియా పురుగు మన అల్లిక రెక్కల పురుగు కుటుంబములోనిదే. మన ప్రత్తిలో పేనుబంకను, చిన్న పురుగులను తిను అల్లిక రెక్కల పురుగును మీరెరుగుదురు.

ఇప్పుడు మేము చేయుచున్నది

ప్రతి చిత్రము క్రిందను మూడు మాటలు వ్రాయుచున్నాము: ఇది యేమి, దీనివలన పంటకు మేలా, కీడా, లేక రెండును లేవా, నేడు చేయవలసినది ఏమి. "ఏమియు చేయవలదు" అనునది కూడ ఒక సలహాయే. దానిని పెద్ద అక్షరములతో వ్రాయుచున్నాము.

రాత్రి పట్టికను చూచునప్పుడు ఎందరని లెక్కించుట మానితిమి. ఆ పంట వేసినవారు, పలుకనివారు ఎవరని వెదకి, ఇద్దరికి ముగ్గురికి ఫోను చేయుచున్నాము. ఆ ఇంట చేనిలో పని చేయు ఆడువారిని కూడ పిలిచి మాటలాడుచున్నాము.

మీరును చిత్రములు తీయవలెనని మా మనవి. తీయునప్పుడు ఈ క్రింది సంగతులు గమనింపుడు. పురుగు తల యొకటి, ప్రక్కవైపు ఒకటి, తోక భాగమొకటి, మొత్తము మొక్క యొకటి - నాలుగు చిత్రములు తీయుడు. ప్రక్కన ఒక రూపాయి బిళ్ల నుంచిన పరిమాణము తెలియును. ఆకు అడుగుభాగము మరువకుడు. ఇది ఊరక చెప్పుట కాదు. 2018 మే నెలలో కర్ణాటకములోని శివమొగ్గ ప్రాంతపు మొక్కజొన్నలో తొలుత కనబడి, ఆ ఏడే మన పొలములకును వచ్చిన కత్తెర పురుగును గుర్తించుటకు రెండు గుర్తులు కావలెను. తలపై తలక్రిందులుగా నున్న ఇంగ్లీషు 'వై' అక్షరము ఒకటి. తోక వద్ద చతురస్రముగా నున్న నాలుగు నల్లచుక్కలు రెండవది. వీపు మాత్రము తీసిన చిత్రము చూచి ఎంతటి పండితుడును నిశ్చయముగా చెప్పలేడు.

చిత్రమును మాకు గాని, మీ వ్యవసాయ విస్తరణాధికారికి గాని పంపుడు. మన జిల్లాలోనే పాలెము ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానము కలదు. క్రాంతి, హరిత అను ఆముదపు వంగడము లచ్చటివే. 1800-180-1551 అను కిసాన్ కాల్ సెంటరు అంకెకు ఖర్చు లేకుండ ఫోను చేసి తెలుగులోనే అడుగవచ్చును. చదువుకొను పిల్లలున్న ఇండ్లవారు, 2008లో మొదలైన ఐనాచురలిస్ట్ అను అంతర్జాల వేదికలో చిత్రము పెట్టిన, దేశదేశముల ఎరుకగలవారు పేరు చెప్పుదురు. పొలము ఉన్న తావు అందరికి తెలియుట ఇష్టము లేనివారు అందు దానిని మరుగుపరచుకొనవచ్చును. అయితే వారు చెప్పునది పేరు మాత్రమే. మందు కొట్టవలెనా వలదా యనునది మీ చేను చూచినవారే చెప్పవలెను.

మందు కొట్టక తప్పనిచో ఉదయము గాని, సాయంకాలము గాని, గాలి వాలుగా కొట్టుడు. ముక్కు, నోరు, చేతులు కప్పుకొనుడు. మీద పడినచో బట్టలు విప్పి సబ్బుతో కడిగికొని, డబ్బాతో సహా ఆసుపత్రికి వెంటనే పొండు.

అరుగుమీద అడిగిన పెద్దమనిషికి ఇదియే మా బదులు. ఆయన ఇది చదివి, ఇంకను నవ్వదలచినచో నవ్వవచ్చును. ఈసారి మేమును కలిసి నవ్వెదము.

ఈ వ్యాసము ముగింపబోవుచుండగా ఫోను మ్రోగినది. వానకాలమున ఆసుపత్రి పాలైన రైతే ఒక చిత్రము పంపెను. ప్రత్తి ఆకు అడుగున సన్నని వెండ్రుకవంటి కాడలు, ఒక్కొక్క కాడ కొనను ఒక్కొక్క చిన్న గ్రుడ్డు. ప్రక్కన రూపాయి బిళ్ల. క్రింద అతని గొంతు: "సారూ, గిది మందు గొట్టేదా, ఊకుండేదా?"

అవి అల్లిక రెక్కల పురుగు గ్రుడ్లు. ఊరకుండుమని వెంటనే చెప్పితిమి.